గురువునకు అధికారము అబ్బినప్పుడు

కాషాయము ధరించిన మోసగానిని గూర్చి మన భాషలో సామెతలకు కొదువ లేదు; కథలకును కొదువ లేదు. అట్టివానిని గుర్తించుట కష్టము కావచ్చును గాని, గుర్తించిన పిమ్మట తీర్పు చెప్పుట కష్టము కాదు. ఈ పూట నేను మీకు విన్నవింపదలచినది వేరొక సంగతి. మంచి మనస్సుతో బయలుదేరినవాడు, పదిమంది మేలు కోరినవాడు, తన కొరకు ఏమియు అడుగనివాడు ఒకడున్నాడనుకొందము. అట్టివాని చేతికి అధికారము వచ్చినప్పుడు ఏమగును? అతడు అధికారమును మార్చునా, అధికారమే అతనిని మార్చునా?

ఈ ప్రశ్నను ఊరక చర్చించుటకంటె ఒక చోటును, ఒక కాలమును ఎదుట ఉంచుకొని విచారించుట మేలు. నేను ఎన్నుకొన్న చోటు విశాఖ మన్యము. పాడేరునకు పొరుగున, తూర్పు కనుమల మీద జి.మాడుగుల అను ఊరు కలదు. దాని పూర్తి పేరు గంగరాజు మాడుగుల. నేడు అది ఒక మండలమునకు ముఖ్యస్థానము. 2022 ఏప్రిల్ 4వ తేదీన ఏర్పడిన అల్లూరి సీతారామరాజు జిల్లాలోనిది. భగతలు, కొండదొరలు, వాల్మీకులు, ఖోందులు, పోర్జలు మున్నగు జాతులవారు ఈ ప్రాంతపు పల్లెలలో నివసించుచున్నారు.

ఈ పల్లెలలో దైవకార్యమంతయు ఒక్కని చేతిలో ఉండుట పూర్వాచారము కాదు. తిథివారములు చూచి విత్తనములు చల్లుటకు, పెండ్లికి, పండుగకు రోజు నిర్ణయించువాడు దిసారి. గ్రామదేవతకు కోడినో మేకనో సమర్పించి ఊరి మొక్కు చెల్లించువాడు పూజారి. ఇంట జబ్బు చేసినచో పూనకమునంది, ఏ దేవత అలిగినదో, ఏ గాలి సోకినదో చెప్పువాడు గురువు. తగవులు తీర్చువాడు నాయుడు. కబురు అందించువాడు బారికి. వీరిలో ప్రతివాడును తక్కినవారివలెనే పొలము దున్నుకొని, పోడు కొట్టుకొని బ్రదుకువాడే. దిసారి పెట్టిన ముహూర్తము వికటించినచో ఊరివారు ఆ మాట అతని ముఖముననే అనగలరు. మరుసటి మారు మరియొక దిసారి యొద్దకు పోగలరు.

ఈ ఏర్పాటులో లోపములు లేవని నేను చెప్పుటలేదు. మందు కావలసిన రోగికి బలి ఇచ్చి ఊరకుండుటయు, చేతబడి చేసినాడను అనుమానముతో అమాయకుని హింసించుటయు ఈ కొండలలో జరిగినవి. అయినను ఒక్క మంచి మాత్రము అందులో కలదు. దేవుని పేరిట చెల్లు అధికారము అక్కడ ముక్కలుగా పంచబడి ఉండెను. అది చిన్నది, కంటికి ఎదురుగా ఉండునది, ఫలితమును బట్టి పరీక్షింపదగినది.

కాని ఊరి పెద్దలకు అందని కష్టములు కొన్ని ఉండును. పందొమ్మిదవ శతాబ్దపు ద్వితీయార్ధములో మన్యమునకు అట్టి కష్టములే వచ్చిపడెను. కల్లు గీసికొనుటపై పన్ను పడెను. అది 1879 నాటి రంప పితూరికి ఒక ముఖ్య కారణము. 1882 నాటి మద్రాసు అటవీ చట్టము తరువాత పోడు వ్యవసాయమునకు అడ్డంకులు పెరిగెను. మైదానమునుండి వచ్చిన సాహుకారు అప్పు, ముఠాదారు వసూలు, సర్కారువారి వెట్టి – ఇవి ఒకదానిపై ఒకటి చేరెను. వీనిని తీర్చుట నాయునికి శక్యము కాదు. వీనికి ముహూర్తము పెట్టుట దిసారికి శక్యము కాదు. తన మొరను వినువాడు భూమిమీద లేనప్పుడు మనిషి ఆకాశముతో మాటలాడగలవాని కొరకు వెదకును. అది అవివేకము కాదు; నిస్సహాయత.

అట్టి కాలమున మాడుగుల కొండలకు ఈశాన్యముగా, సాలూరు వైపున, పాచిపెంట తాలూకాలోని కొర్రవానివలసలో కొర్ర మల్లయ్య అను కొండదొర ఒకడు వెలువడెను. తనకు దైవప్రేరణ కలిగినదని అతడు చెప్పెను. ఆ మాట విని నలుదిక్కులనుండి జనము రాసాగెను. క్రమక్రమముగా నాలుగైదు వేలమంది అతని చుట్టును విడిది చేసిరి. అది 1900వ సంవత్సరము. మొదట అతని నడవడిలో ఎట్టి హానియు లేకుండెనని సర్కారు గ్రంథమే ఒప్పుకొన్నది.

పిదప అతని మాట మారెను. తాను పంచపాండవులలో ఒకని అవతారమనెను. చంటిబిడ్డయైన తన కుమారుడు శ్రీకృష్ణుడనెను. ఇంగ్లీషువారిని వెడలగొట్టి తానే రాజ్యమేలుదుననెను. అందుకొరకు తన వారికి వెదురుకర్రలు ఇచ్చెదననియు, అవి మంత్రబలముచే తుపాకులగుననియు, సర్కారు ఆయుధములు నీరగుననియు చెప్పెను. వెదుళ్లు నరికి తుపాకుల ఆకారమున చెక్కిరి. వానిని భుజమున ఉంచుకొని ఆ జనము స్వామి యెదుట కవాతు చేసెను. అప్పటికి మల్లయ్య పేరు పోయి 'స్వామి' అను పేరు నిలిచినది.

పాచిపెంటను దోచెదమని ఆ గుంపు కబురంపెను. 1900 మే 1వ తేదీన సంగతి చూచిపోవుటకు ఇద్దరు కానిస్టేబుళ్లు వచ్చిరి. జనము వారిపై పడి కొట్టి చంపిరి. శవములను తెచ్చుకొనుటకు కూడ స్థానిక పోలీసులకు సాధ్యము కాలేదు. పిమ్మట జిల్లా మేజిస్ట్రేటు స్వయముగా బయలుదేరి విశాఖపట్టణము, పార్వతీపురము, జయపురములనుండి పోలీసు బలమును కూర్చుకొని, మే 7వ తేదీ తెల్లవారుజామున విడిదిపై పడెను. జనము ఎదిరించెను. పోలీసులు కాల్చిరి. పదునొకండుగురు మరణించిరి. వెదుళ్లు వెదుళ్లుగానే ఉండెను. అల్లరి చేసినారని అరువదిమందిపైనను, హత్యానేరముపై స్వామితో సహా ముగ్గురిపైనను విచారణ జరిగెను. స్వామి చెరసాలలో చనిపోయెను. తక్కిన యిద్దరిని ఉరితీసిరి. కృష్ణుడనిపించుకొన్న ఆ పసివాడును మరణించెను.

ఈ వృత్తాంతము 1907లో వెలువడిన విశాఖపట్టణము జిల్లా గెజెటీరులో ఉన్నది. అనగా కాల్పులు జరిపిన ప్రభుత్వము వ్రాసినది. మల్లయ్య పక్షమున ఒక్క మాటయైన అందు లేదు. కనుక అతడు కపటియని ఆ గ్రంథకర్త తేల్చిన తీర్పును మనము అట్లే స్వీకరింపనక్కరలేదు. కపటియైనవాడు వేలమంది పోగుపడిన పిమ్మట మెల్లగా జారుకొనును. వెదురుకర్రలు పట్టిన వారి నడుమ తెల్లవారుజామున తుపాకులకు ఎదురుగా కూర్చుండడు. మల్లయ్య తన మాటను తాను నమ్మినాడని ఊహించుటయే న్యాయము. మనకు పాఠము కూడ అందే ఉన్నది.

నమ్మినవాడు అక్కడికి ఎట్లు చేరెను? మొదటి అడుగు చాల చిన్నది. దుఃఖితులు వచ్చి కూర్చుందురు, అతడు ఓదార్చును. ఓదార్పు పొందినవాడు మరి నలుగురిని తెచ్చును. పదిమంది ఉన్నప్పుడు ఓదార్చిన చాలును. నాలుగువేల మంది ఉన్నప్పుడు తిండి చూడవలెను, నీరు చూడవలెను, పడుకొను చోటు చూడవలెను, తగవులు తీర్చవలెను. ఎవరో ఒకరు ఆజ్ఞ ఇయ్యక తప్పదు. ఆ ఆజ్ఞ స్వామి నోట వచ్చినచో ఎవ్వరును 'ఎందుకు' అని అడుగరు. అడుగకుండ పని జరుగుట అలవాటైన కొలది అడిగినవాడు అవిశ్వాసివలె కనబడును. ఇందులో దురాశ లేదు. అయినను దిసారి పని, పూజారి పని, గురువు పని, నాయుని పని – పూర్వము నలుగురి యందున్నవన్నియు ఒక్కని యొద్దకు వచ్చి చేరెను.

రెండవ అడుగు మాటలోనిది. 'నాకు తోచుచున్నది' అని చెప్పినవాడు రేపు 'నాకు తప్పు తోచినది' అని చెప్పవచ్చును. 'దేవుడు నాతో చెప్పినాడు' అని చెప్పినవానికి ఆ దారి మూసికొనిపోవును. నాయుడు పొరబడవచ్చును, పాండవుడు పొరబడుట ఎట్లు? అందుచేత మొదటి మాట నెరవేరనప్పుడు దానిని దిద్దుకొనుటకు మారుగా దానికంటె పెద్ద మాట చెప్పవలసి వచ్చును. జనము పెరిగిన కొలది ఆశ పెరుగును. ఆశకు తగినట్లు వాగ్దానము పెరుగును. గురువు జనమును నడిపించుచున్నాడని చూచువారు అనుకొందురు. నిజమునకు ఒక హద్దు దాటిన తరువాత జనమే గురువును తోయుచుండును.

మూడవది కవాతు. పోలీసులను ఎదిరించుటకు వచ్చినవారు పోలీసులవలెనే బారులు తీరి నిలిచిరి. ఏ అధికారము తమను బాధించుచున్నదో ఆ అధికారపు రూపమునే తమ గురువునకు తొడిగిరి. 'సర్కారు పోవలెను' అను మాట 'నేను ఏలుదును' అను మాటగా మారుటకు ఎక్కువ కాలము పట్టలేదు. బాధితుల పక్షమున నిలిచిన గురువునకు ఇది అన్నిటికంటె సూక్ష్మమైన ప్రమాదము. అధికారమును తిరస్కరించుటలో అతడు నిజాయితీపరుడే. కాని అధికారమనగా ఎట్లుండవలెనో దానికి ఆ పాత నమూనా తప్ప వేరొకటి అతని కంటికి కనబడలేదు.

నాలుగవది ఆ పసిబిడ్డ. తండ్రి తన కష్టమును తాను ఎన్నుకొనెను. బిడ్డ ఏమియు ఎన్నుకొనలేదు. గురుత్వము ఇంటిలోనికి ప్రవేశించి, కొడుకును దేవునిగా నిలిపిన దినముననే అది సేవ కాక ఆస్తియైనది. ఆస్తిని కాపాడుకొనుటకు మనిషి చేయు పనులు సేవ కొరకు చేయు పనులవంటివి కావు.

ఇంతమాత్రమున సర్కారు నిర్దోషియని నేను చెప్పుటలేదు. 1839 నాటి 24వ చట్టముచే గంజాము, విశాఖపట్టణము జిల్లాల కొండప్రాంతములు సాధారణ న్యాయస్థానముల పరిధినుండి తప్పింపబడి, గవర్నరునకు ఏజెంటు అను హోదాలో కలెక్టరునకు అప్పగింపబడెను. 'ఏజెన్సీ' అను మాట అట్లు వచ్చినదే. పన్ను వసూలు చేయువాడు, పోలీసులను నడిపించువాడు, తీర్పు చెప్పువాడు ఒక్కడే అయినప్పుడు కొండవాడు ఎవరితో మొరపెట్టుకొనగలడు? కొండ క్రింద ప్రశ్నింపరాని దొర ఉండుటచేత కొండ మీద ప్రశ్నింపరాని స్వామి పుట్టెను. ఇద్దరిలోను లోపము ఒక్కటియే. నడుమ నలిగినవారు ఆ పదునొకండుగురును, ఆ ఇద్దరు కానిస్టేబుళ్లును.

ఈ సంఘటనకు ఇరువదిరెండేండ్ల తరువాత అదే మన్యమున మరియొక సన్న్యాసి జనమునకు నాయకుడాయెను. ఆయన పేరు తెలియని తెలుగువాడు లేడు. 1897 జులై 4న జన్మించిన అల్లూరి సీతారామరాజు 1917 ప్రాంతమున కృష్ణదేవిపేటకు వచ్చి, జపతపములు చేసికొనుచు, మూలికావైద్యము, జ్యోతిషము తెలిసిన సాధువుగా కొండవారి మన్నన పొందెను. సహాయనిరాకరణ దినములలో కల్లు మానుడనియు, తగవులను పంచాయతీలలో తీర్చుకొనుడనియు బోధించెను. ఆయనను ఒక చోట కుదురుగా ఉంచుటకు సర్కారువారు భూమి ఇచ్చి చూచిరి. ఆయన దానిని విడిచిపోయెను. ఆయనకు గుండు తగులదనియు, ఆయన ఒకే సమయమున పలుచోట్ల ఉండగలడనియు జనము చెప్పుకొనెను. అనగా మల్లయ్యను చుట్టుకొన్న నమ్మికలే ఈయననును చుట్టుకొన్నవి.

అయినను భేదము కలదు. 1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి ఠాణాలపై ఆయన దాడి చేసెను. తన వారికి వెదుళ్లు ఇచ్చి తుపాకులని చెప్పలేదు. నిజమైన తుపాకులను తెచ్చెను. తీసికొన్న ఆయుధముల లెక్క వ్రాసి సంతకము చేసి ఇచ్చెను. ఠాణాలకు ముందుగా హెచ్చరిక పంపు పద్ధతిని జనము నేటికిని 'మిరపకాయ టపా' అని చెప్పుకొనుచున్నారు. భారతీయులైన సిపాయిలను చంపరాదని నియమము పెట్టెను. ఆ సెప్టెంబరు 24న దామనపల్లి కనుమలో స్కాట్ కవర్డ్, హేటర్ అను ఇద్దరు ఆంగ్లేయాధికారులు నిహతులైరి గాని, ముందు నడచిన భారతీయ సిపాయిలను పోనిచ్చిరి. అడవిలో, ఆజ్ఞకు ఎదురులేని చోట, తన ఆజ్ఞకు తానే హద్దు గీసికొనిన నాయకుడు ఆయన.

ఆయన మార్గమును గూర్చి భిన్నాభిప్రాయములు ఉండవచ్చును. దాని వెలను మాత్రము మరువరాదు. ఆ డిసెంబరులో పెద్దగడ్డిపాలెము, లింగాపురముల కడ సైన్యముతో జరిగిన పోరులలో ఆయన అనుచరులు నేలకొరిగిరి. గుండు తగులదను నమ్మిక అక్కడ ఎవరిని కాపాడలేదు. మలబారునుండి పోలీసులు, అస్సామునుండి సైనికులు కొండలెక్కిరి. ఆశ్రయమిచ్చిన పల్లెలు బాధలు పడెను. 1924 మే 7న కొయ్యూరు కడ ఆయనను పట్టి కాల్చి చంపిరి. మల్లయ్య విడిదిపై కాల్పులు జరిగినదియు మే 7వ తేదీనే. ప్రజల బాధ చూడలేక ఆయన తనంత తాను పట్టుబడినాడని మన్యమున గట్టి జనవాక్యము కలదు. ఆ మాటలో చరిత్ర ఎంతయున్నను, జనము తన గురువునుండి ఏమి కోరినదో అందు స్పష్టముగా ఉన్నది. తమ కష్టమునకు తాను బాధ్యుడనని ఎరిగిన గురువును కోరినది.

అదే 1922లో దేశమంతటికిని పెద్దయైన మరియొకనికి ఇట్టి పరీక్షయే వచ్చెను. గోరఖ్‌పూరు ప్రాంతపు పల్లెలలో గాంధీ మహాత్ముని మహిమలను గూర్చి వింత కథలు వ్యాపించి ఉండెను. ఫిబ్రవరి 4న ఆ జిల్లాలోని చౌరీచౌరాలో ఆయన పేరిట జయధ్వానములు చేసిన గుంపు ఠాణాకు నిప్పంటించి, ఇరువదిమందికి పైగా పోలీసులను బలిగొన్నది. ఆయన అక్కడ లేడు, ఆజ్ఞ ఇయ్యలేదు. అయినను బాధ్యత వహించి, ఐదు దినములు ఉపవసించి, ఉద్యమమును నిలుపుదల చేయించెను. చెరసాలలోనున్న సహచరులు కొందరు తీవ్రముగా నొచ్చుకొనిరి. ఆ అసమ్మతిని ఆయనకు తెలిపిరి. ఆయన వారికి సమాధానము చెప్పెను. ఆయన చేసినది ఒప్పా తప్పా అని నేటికిని వాదించువారు కలరు. నాకు ముఖ్యమైనవి రెండే. జనము అవతారపురుషునిగా చేసిన మనిషి 'ఆగుడు' అని అనగలిగెను. ఆయన చెంతనున్నవారు 'ఇది సరికాదు' అని అనగలిగిరి. మల్లయ్య విడిదిలో ఈ రెండు మాటలకును తావు లేకుండెను.

కొండవారు అమాయకులు గనుక ఇట్టివి నమ్మిరని మైదానమున ఉన్న మనము అనుకొనుట సులభము. చదువుకొన్న ఇండ్లలో కూడ గురువుగారి మాటకు ఎదురాడరాదను నియమము లేదా? మఠమునకో, ప్రార్థనామందిరమునకో, ఆశ్రమమునకో వచ్చిన ధనము లెక్క అడిగినవానిని పాపివలె చూచుట లేదా? గురువుగారి కుమారుడు పుట్టుకతోనే గురువగుట మనము ఎరుగనిదా? వెదురు తుపాకులు మన చేతులలో లేకపోవచ్చును. ఎవరి యెదుట ప్రశ్నను మ్రింగివేయుట భక్తియని మనము నేర్చితిమో, వారిని ఆ మౌనముతోనే పాడుచేయుచున్నాము. గురువు చెడుటలో శిష్యుని పాలు తక్కువ కాదు.

దీనికి విరుగుడు గురువులను తిట్టుటలో లేదు. అది ఆ పాత పల్లెల పద్ధతిలోనే కొంత కలదు. పనులు వేరువేరు చేతులలో ఉండవలెను. మంత్రము చెప్పువాని చేతిలో పెట్టె తాళపుచెవి ఉండరాదు. తగవు తీర్చువాడు దేవుని పేరు చెప్పి తీర్పు ఇయ్యరాదు. చెప్పిన మాట నెరవేరినదా లేదా అని ఏడాదికొక మారైనను తెలిసికొను అవకాశము ఉండవలెను. ఆ గురువు నిజముగ మంచివాడైనచో ఇది అతనికి అవమానము కాదు, రక్షణ. పదిమంది ప్రశ్నలను మోయువాడు తన భారమును పదిమందితో పంచుకొన్నవాడగును.

రెండవ విరుగుడు ప్రభుత్వము చేతిలోనిది. మొరకు భూమిమీద చోటు ఉన్నచో జనము అవతారముల కొరకు వెదుకనక్కరలేదు. 1996లో వచ్చిన షెడ్యూలు ప్రాంతముల పంచాయతీ చట్టము జి.మాడుగులవంటి చోట్ల గ్రామసభకు పెద్ద స్థానము ఇచ్చినది. భూమి, అటవీ ఫలసాయము, సారాయి, వడ్డీవ్యాపారము – నాడు జనమును స్వామి చుట్టు చేర్చిన కష్టములలో పెక్కింటిని చర్చించుటకు ఆ సభకు హక్కు కలదు. ఆ సభ నిజముగా జరిగి, అందు పేదరాలి మాటకు సమాధానము దొరికినచో, అది ఎంత సామాన్యముగా కనబడినను, ఒక కొర్రవానివలసను తప్పించును. సభ కాగితముపైననే జరిగినచో జనము మరల మాటలాడు ఆకాశమును వెదకుకొనును.

కొర్రవానివలసలోని ఆ పసిబిడ్డ తాను కృష్ణుడనని ఎన్నడును చెప్పుకొనలేదు. పెద్దలు చెప్పిరి, పెద్దలు నమ్మిరి. ఆ నాలుగైదువేల మందిలో ఒక్కడు లేచి, 'స్వామీ, బిడ్డను బిడ్డగానే ఉండనిండు' అని అనియున్నచో, స్వామి ఆ మాటను వినియున్నచో, ఆ తెల్లవారుజాము వేరు విధముగా ఉండెడిదేమో. స్వామి వినునా వినడా అనునది స్వామి చేతిలోనిది. లేచి ఆ మాట చెప్పుట మాత్రము మన వంటివారి చేతిలోనిదే.